మంచి దారుల కోసం ఇల్లు మారాలనుకుంటున్నాం: చోటు ఎలా ఎంచుకోవాలి?

మలుపుదారి:

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ మీరు రాసేవన్నీ చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదలు.

పోయిన వారం నా మోటారుసైకిలు వెనక టైరు మార్పించాను. పాతది విప్పి నేల మీద పడుకోబెట్టినప్పుడు ఎందుకో దాన్ని వేలితో తడిమి చూశాను. మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున పలకలా చదునైపోయింది. అంచుల్లో మాత్రం కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు మొలకలు ఇంకా అలాగే ఉన్నాయి. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగిన టైరు అది. ఇంత దూరంలో నేను బండిని నిజంగా వంచింది ఎన్నిసార్లని ఆ రాత్రంతా ఆలోచిస్తూ పడుకున్నాను.

నేనుండేది చదునైన పెద్ద నగరం. తిన్నటి రోడ్లు, కూడలికో సిగ్నలు. మంచి మలుపు దొరకాలంటే రెండున్నర గంటలు పోవాలి, మళ్లీ రెండున్నర గంటలు వెనక్కి రావాలి. ఆదివారమంతా రాకపోకలకే సరిపోతుంది.

ఇప్పుడు నా పని పూర్తిగా ఇంటి నుంచే. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడున్నా ఎవరూ అడగరు. నా భార్య కూడా ఒప్పుకుంది, రెండు షరతులతో: ఆసుపత్రి అందుబాటులో ఉండాలి, తనకంటూ ఒక లోకం ఉండే ఊరై ఉండాలి. దేశం మారడానికి కూడా సిద్ధంగానే ఉన్నాం. పేరున్న దారి పక్కనే ఇల్లు వెతకాలా? వాతావరణం చూసుకోవాలా? ముందు ఏది చూడాలో తెలియడం లేదు. దారి కోసం ఇల్లు మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాలుగోగేరు:

అన్నయ్యా, నేనైతే ఈపాటికి సామాను సర్దుకునేవాణ్ణి! దేశం మారడానికీ సిద్ధమంటున్నారు, ఇక వెనుకాడడం దేనికి?

ఉత్తర థాయ్‌లాండ్‌లో మే హాంగ్ సాన్ చుట్టుదారి చూడండి. సుమారు ఆరు వందల కిలోమీటర్లు, 1,864 మలుపులని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అమెరికాలో టెనసీ, నార్త్ కరోలినా సరిహద్దు దగ్గర టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే దారి ఉంది, 11 మైళ్లలో 318 మలుపులు. ఇటలీలో స్టెల్వియో కనుమకు ఒక్క వైపు నుంచే 48 హెయిర్‌పిన్ మలుపులు, అంటే దారి దాదాపు వెనక్కి తిరిగిపోయే మలుపులు. ఇలాంటి దారి గుమ్మం ముందుంటే తెల్లవారుజామున లేవడానికి అలారం ఎందుకు? నేను రెండేళ్లుగా డబ్బు కూడబెడుతున్నది ఇందుకే. ముందు దారి ఎంచుకోండి, ఇల్లు దాని పక్కన అదే దొరుకుతుంది.

పాతచైను:

మలుపుదారి గారూ, మీ టైరు సంగతి చదువుతుంటే నా నలభయ్యో ఏడు గుర్తొచ్చింది. నేనూ సరిగ్గా మీలాగే దారి కోసమే ఇల్లు మారాను. ఆరేళ్లు ఉండి వచ్చేశాను. ఎందుకు వచ్చేశానో చెబుతాను, మీకు పనికిరావచ్చు.

కొండ అంచున ఇల్లు. గేటు దాటితే ఘాట్ రోడ్డు. మొదటి మూడు నెలలు నిద్ర కూడా పట్టేది కాదు, ఎప్పుడు తెల్లవారుతుందా అని. ఆ తరువాత ఒకటి అర్థమైంది. ఎటు వెళ్లాలన్నా ఆ దారి ఒక్కటే. పాల ప్యాకెట్టుకైనా, పంటి డాక్టరు దగ్గరికైనా అవే ఇరవై రెండు మలుపులు. ఏ మలుపులో తారు ఎక్కడ పగిలిందో, ఏ చెట్టు నీడలో నాచు పడుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. తెలిసిన కొద్దీ వేగం పెరిగింది. చూపు మాత్రం తగ్గింది. రాత్రి వాన కురిసి వెలిసిన ఒక ఉదయం పదిహేడో మలుపులోకి రోజూ వెళ్లే వేగంతోనే వెళ్లాను. కొండ మీది నుంచి కొట్టుకొచ్చిన కంకర మలుపు లోపలి అంచున పరుచుకుని ఉంది. ముందు చక్రం జారడం హ్యాండిల్‌లో తెలిసింది, అంతే, ఏమీ చేయడానికి వీలు చిక్కలేదు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. అదే మలుపు నాకు కొత్తదై ఉంటే ఆ వేగంతో వెళ్లేవాణ్ణే కాదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో బిగ్ సర్ తీరం వెంబడి వెళ్లే ఒకటో నంబరు రహదారి మీద 2017 మే నెలలో మడ్ క్రీక్ దగ్గర కొండచరియ విరిగిపడింది. ఆ దారి మళ్లీ తెరుచుకున్నది 2018 జూలైలో. ప్రపంచంలో అందరూ ఫోటోలు చూసి మురిసిపోయే దారి అది. అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లకు పద్నాలుగు నెలలపాటు ఒక వైపు మూసుకుపోయింది. కొండదారి అందంగా ఉండేది కొండను తొలిచి వేసినందుకే, విరిగిపడేదీ అందుకే.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు నేను చూసేది ఇప్పుడు రెండే. గేటు నుంచి మొదటి పావుగంట ప్రయాణం ఎలా ఉంటుంది? ఆ పావుగంటలో ఎన్ని దిక్కులకు చీలిపోవచ్చు? స్టెల్వియోకు సెలవు పెట్టి వెళ్లి రావచ్చు. మంగళవారం సాయంత్రం పని ముగించుకుని నలభై నిమిషాలు ఖాళీ దొరికితే బండి ఎటు తిప్పుతారు? ఆ నలభై నిమిషాల కోసం ఇల్లు మారండి.

నాలుగోగేరు:

పాతచైను గారూ, మీ మణికట్టు సంగతి చదివి బాధ కలిగింది. కానీ ఒక మాటకు నేను ఒప్పుకోలేను. తెలిసిన దారి మనిషిని చెడగొడుతుందంటే ఎలాగండీ? సంగీతం నేర్చుకునేవాళ్లు ఒకే కీర్తనను ఏళ్ల తరబడి సాధన చేస్తారు. నేను వారం వారం వెళ్లేది పద్నాలుగు మలుపుల దారి. మొదట్లో చక్రం ముందున్న నేలనే చూసేవాణ్ణి. ఒకటే దారి కాబట్టి ఒక్కొక్క వారం ఒక్కొక్కటే సరిచేసుకోగలిగాను: చూపు మలుపు చివరకు పెట్టడం, బ్రేకు ముందే ముగించడం, బండి వంచాక థ్రాటిల్ (వేగం పెంచే పిడి) సన్నగా తెరిచి ఉంచడం. రోజుకో కొత్త దారిలో పోతే ఇవేవీ నాకు పట్టుబడేవి కావు.

పాతచైను:

సాధన గురించి నువ్వు చెప్పింది నిజం తమ్ముడూ. ఆ మాట నేను చెప్పకుండా వదిలేశాను, నీ ఉత్తరం చదివాక ఒప్పుకుంటున్నాను. అయితే కీర్తన రాత్రికి రాత్రి మారిపోదు. దారి మారిపోతుంది. సాధన చేసే దారిలో ప్రతిరోజూ మొదటిసారి నెమ్మదిగా వెళ్లి చూసి, వెనక్కి తిరిగి అప్పుడు మొదలుపెట్టు. నేను ఆ రోజు చేయనిది అదే.

వానచుక్క:

ఇద్దరూ మలుపుల గురించే మాట్లాడుతున్నారు. నేను ఏడాదిలో మూడు వందల రోజులు బండి మీదే పనికి వెళతాను, కాబట్టి రోజుల లెక్క చెబుతాను.

స్టెల్వియో ఎత్తు 2,757 మీటర్లు. మే చివరలోనో జూన్‌లోనో తెరుస్తారు, శరదృతువు ముగిసేసరికి మంచుకు మూసేస్తారు. రుమేనియాలో ట్రాన్స్‌ఫగరాసన్ అనే గొప్ప దారి ఉంది. 1970 నుంచి 1974 వరకు కష్టపడి కట్టారు, 2,042 మీటర్ల దాకా ఎక్కుతుంది. దాని పై భాగం సాధారణంగా జూన్ చివరి నుంచి అక్టోబరు చివరి వరకే తెరిచి ఉంటుంది. జర్మనీలో రెండు నెలల నుంచి పదకొండు నెలల వరకు మనం ఎంచుకున్న కాలానికే చెల్లే నంబరు ప్లేటు ఇస్తారు, ఆ నెలలు ప్లేటు చివరన అచ్చువేసి ఉంటాయి. బండ్లు శీతాకాలమంతా షెడ్డులో నిద్రపోవడం అక్కడ ఎంత మామూలో దాన్నిబట్టే తెలుస్తుంది. తమ్ముడు చెప్పిన ఉత్తర థాయ్‌లాండ్‌లో మంచు ఉండదు, నిజమే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ లోయల్లో నిలిచిపోతుంది. ఎదుటి కొండ కూడా కనపడని రోజులుంటాయి.

ఎత్తు గురించి కూడా ఒక లెక్క. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల చలి పెరుగుతుంది. కింద లోయలో 20 డిగ్రీలు హాయిగా ఉంటే 1,800 మీటర్లు పైకి వెళ్లేసరికి 8 డిగ్రీలు. దానికి గాలి తోడు. వేళ్లు మొద్దుబారితే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో తెలియదు. టైరు కూడా చల్లబడి పట్టు తగ్గుతుంది. ఇంజిన్ బలం కూడా ప్రతి వెయ్యి మీటర్లకు పదో వంతు చొప్పున తగ్గుతుంది. వెనక మనిషి ఉన్నప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

నాకు ముఖ్యమైనది, ఎవరూ అడగనిది, వెలుతురు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉంటే ఏడాది పొడవునా సాయంత్రం ఆరింటికి కాస్త అటూఇటూగా చీకటి పడుతుంది. పని ముగిసేసరికి పగలు అయిపోతుంది. 48, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి కూడా హెడ్‌లైటు అవసరం లేనంత వెలుతురు ఉంటుంది. డిసెంబరులో అయిదు కాకముందే చీకటి. పాతచైను గారు చెప్పిన మంగళవారం సాయంత్రపు నలభై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయో అక్షాంశం చూస్తే తెలిసిపోతుంది.

ఇక వాన. వానంటే నాకు భయం లేదు. చాలా రోజుల ఎండ తరువాత పడే మొదటి చినుకులంటే భయం. రోడ్డు మీది నూనె, దుమ్ము, అరిగిన రబ్బరు కలిసి పైకి తేలి సబ్బు నీళ్లలా ఉంటాయి. మొదటి అరగంట ఎక్కడైనా ఆగి ఉండడమే మంచిది. గట్టిగా కురిసి కడిగేసిన రోడ్డు మీద తడి టైరుకు కూడా మంచి పట్టే ఉంటుంది. అందుకే, ఎంత వాన పడుతుందో చూసి ఊరుకోకండి. ఎన్ని రోజులు పడుతుందో చూడండి.

మలుపుదారి:

వానచుక్క గారూ, వెలుతురు సంగతి నాకు తట్టనే లేదు. నా పని వేళలు నేనే నిర్ణయించుకోగలను కాబట్టి ఉదయం తొమ్మిది దాకా బండి నడిపి ఆ తరువాత పనిలో కూర్చోవచ్చు. భూమధ్యరేఖ దగ్గరైనా ఉదయాలు ఉంటాయి కదా. ఇది రాసుకున్నాను.

కొండగాలి:

నేను పేరున్న దారి పక్కనే ఉంటున్నాను. పేరు చెప్పను, చెబితే ఇంకొంతమంది వస్తారు. పన్నెండేళ్లయింది, వదిలి వెళ్లే ఆలోచన కూడా లేదు. అయినా కొన్ని విషయాలు మీకు తెలియాలి.

ఆదివారం నేను బండి తీయను. తీయలేను. ఉదయం ఎనిమిది నుంచి గుంపులు గుంపులుగా వస్తూనే ఉంటారు. సగం మంది బాగానే నడుపుతారు, మిగతా సగం తమకు రాని వేగంతో నడుపుతారు. మా ఇంటి ముందు మలుపు పైకి వచ్చే కొద్దీ మూసుకుపోయే మలుపు, అంటే లోపలికి వెళ్లాక ఇంకా బిగుసుకుంటుంది. కొత్తవాళ్లకు అది తెలియదు. చెప్పుల్లోనే పరుగెత్తుకుని వెళ్లి ఎదుటి నుంచి వచ్చే వాహనాలను ఆపిన ఆదివారాలు నాకు చాలా ఉన్నాయి. మా గేటు దగ్గర ఒక దుప్పటి, ఒక పెద్ద టార్చిలైటు ఎప్పుడూ ఉంటాయి.

పక్కింట్లో ఎనభై ఏళ్ల పెద్దావిడ ఉంటారు. ఒక రోజు నన్ను పిలిచి, "నీ బండి శబ్దం నాకు తెలుసు బాబూ, అది వెళ్లాక మళ్లీ నిద్ర పట్టదు" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ వారమే ఎక్కువ శబ్దం చేసే సైలెన్సర్ తీసేసి కంపెనీ ఇచ్చిన పాతదే బిగించుకున్నాను. ఆస్ట్రియాలో టిరోల్ రాష్ట్రంలోని రాయిటె జిల్లాలో 2020 నుంచి వేసవి నెలల్లో కొన్ని దారుల్లోకి 95 డెసిబెళ్లకు మించి శబ్దం నమోదైన మోటారుసైకిళ్లను రానివ్వడం లేదు. దారి మంచిదైతే గుంపు చేరుతుంది, గుంపు చేరితే శబ్దం, శబ్దమైతే నిషేధం. దారి పక్కన నివసించేవాడు ఆ పెద్దావిడ వైపు నుంచి కూడా ఆలోచించాలి.

నా దారి నాకు దొరికేది వారం మధ్యలో, ఉదయం అయిదున్నరకు. మంచు తెరలు లోయలోంచి లేస్తుంటాయి, ఎదురుగా ఒక్క వాహనం ఉండదు. ఆ గంట కోసమే ఉంటున్నాను. ఆ వేళల్లో జంతువులు రోడ్డు దాటుతాయి కాబట్టి నెమ్మదిగానే వెళతాను.

తమ్ముడు చెప్పిన డ్రాగన్ దారి అంత పేరు తెచ్చుకోవడానికి ఒక కారణం, దాని పక్కన ఇళ్లు లేవు, మధ్యలో కలిసే దారులూ లేవు. ఒక పక్క జాతీయ వనం. అంటే ఏ మలుపులోనూ ఎవరి గేటులోంచీ కారు బయటికి రాదు. ఆ దారి మీద ఇల్లు కట్టుకోలేం కాబట్టే అది అంత బాగుంది. ఇల్లు వెతికేటప్పుడు ఈ సంగతి మనసులో పెట్టుకోండి: ఇళ్లున్న దారి వేరు, బండి నడిపే దారి వేరు. రెండింటి మధ్య పది, పదిహేను నిమిషాల దూరం ఉంటే అందరికీ మంచిది.

పటంపిచ్చి:

ఇల్లు మారకముందే కుర్చీలో కూర్చుని సగం పని చేయవచ్చు. నాకు పటాలు చూడడం అంటే ప్రాణం, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ముందు, అనుకున్న ఊరి చుట్టూ నలభై కిలోమీటర్ల గుండ్రం గీయండి. ఊరి నుంచి బయటికి వెళ్లే దారులు లెక్కపెట్టండి. వెళ్లిన దారినే వెనక్కి రావలసినవి కొట్టేయండి. ఒక దారిలో వెళ్లి ఇంకో దారిలో ఇంటికి చేరే చుట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. నాలుగు చుట్లు ఉంటే, ఒక్కొక్కటి రెండు వైపుల నుంచీ తిరగవచ్చు కాబట్టి ఎనిమిది దారులు ఉన్నట్టే. అదే మలుపు ఎక్కేటప్పుడు ఒకలా ఉంటుంది, దిగేటప్పుడు పూర్తిగా వేరేలా ఉంటుంది.

తరువాత ఎత్తు గీతలున్న పటం తీయండి. గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టుంటే నిటారు కొండ. దారి ఆ గీతలను అడ్డంగా కోస్తూ ఎక్కితే హెయిర్‌పిన్ మలుపులు. గీతల వెంబడే, ముఖ్యంగా నది పక్కన వెళితే పొడవైన, సాగే మలుపులు. బండి మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉంచి, బ్రేకు పెద్దగా ముట్టుకోకుండా గంట సేపు పోవచ్చు. ఫోటోలకు ఎక్కేవి మొదటి రకం. మళ్లీ మళ్లీ వెళ్లాలనిపించేవి, నా మటుకు, రెండో రకం.

ఆ తరువాత ఉపగ్రహ చిత్రం. ఆకుపచ్చ మధ్యలో తెల్లటి మచ్చ కనపడిందా, అది రాతి క్వారీ కావచ్చు. క్వారీ ఉందంటే లారీలు, లారీలుంటే ప్రతి ఎక్కుడు మలుపులోనూ ఒలికిన కంకర. అడవిలో దీర్ఘచతురస్రాల్లా ఖాళీలు కనపడితే కలప లారీలు. పొలాలు రోడ్డు అంచుదాకా ఉంటే విత్తనాల కాలంలోనూ, కోతల కాలంలోనూ ట్రాక్టరు చక్రాల బురద. వీటిలో ఏదీ ఆ ఊరికి వెళ్లకూడదనడానికి కారణం కాదు, ఏ నెలలో ఏ దారి మానుకోవాలో చెబుతుంది, అంతే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. కొత్త రహదారో సొరంగమో వచ్చాక మిగిలిపోయిన పాత దారిని వెతకండి. స్విట్జర్లాండ్‌లో గోట్హార్డ్ కనుమ కింద 16.9 కిలోమీటర్ల రోడ్డు సొరంగం 1980లో తెరిచారు. తొందర ఉన్నవాళ్లంతా కింద నుంచి పోతారు. పైన కనుమ దారి, దాని పక్కనే రాళ్లు పరిచిన పాత ట్రెమోలా దారి చూడాలనుకున్నవాళ్లకు మిగిలాయి. ఇలాంటి జంట ప్రతి కొండ ప్రాంతంలోనూ ఎక్కడో ఒకచోట ఉంటుంది. లారీలు వదిలేసిన పాత దారి దగ్గర ఇల్లు దొరికితే ఆలోచించకుండా తీసుకోండి.

రెండుచక్రాలు:

నియమాలు కూడా చూసుకోండి. చైనాలో గ్వాంగ్‌జౌ నగరం 2007 నుంచి మోటారుసైకిళ్లను పూర్తిగా నిషేధించింది. లండన్‌లో 2019 నుంచి ఒక స్థాయికి మించి పొగ విడిచే పాత బండ్లు ప్రవేశ రుసుము కట్టాలి. కాలిఫోర్నియాలో ఆగిన కార్ల వరుసల మధ్య నుంచి బండి పోనివ్వడానికి 2017 నుంచి చట్టమే ఉంది, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో అది తప్పు. దేశం మారితే మీ లైసెన్సు చెల్లుతుందా, ఎన్ని నెలలు చెల్లుతుంది, మళ్లీ పరీక్ష రాయాలా అన్నది ఇల్లు వెతకక ముందే తెలుసుకోవాలి.

తెల్లకోటు:

నేను అత్యవసర విభాగంలో పనిచేస్తాను, సెలవు రోజుల్లో బండి నడుపుతాను. రెండూ చేసే మనిషిగా ఒక్క విషయం రాయాలి.

ఆసుపత్రి ఎంత దూరంలో ఉందని అడిగితే చాలదు. తొడ ఎముక విరిగితే బయట ఒక్క చుక్క కనపడకపోయినా లోపల లీటరు దాకా రక్తం పోవచ్చు. తలకు దెబ్బ తగిలితే సి.టి. స్కాన్ కావాలి, అది ప్రతి ఆసుపత్రిలోనూ ఉండదు. ఇల్లు చూడడానికి వెళ్లిన రోజే ఆసుపత్రికి కూడా వెళ్లి అడగండి: రాత్రి పూట ఎముకల డాక్టరు ఉంటారా, స్కాన్ ఉందా, రక్తం నిల్వ ఉంటుందా, లేకపోతే ఎక్కడికి పంపిస్తారు, అక్కడికి ఎంత సేపు. ఎవరూ ఏమీ అనుకోరు, సంతోషంగానే చెబుతారు.

దారిలో ఫోను సిగ్నలు ఎక్కడ పోతుందో కూడా గుర్తుపెట్టుకోండి. లోయల్లో కిలోమీటర్ల కొద్దీ ఉండదు. ఒంటరిగా వెళ్లే రోజున ఎటు వెళుతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టి వెళ్లండి. ఆ కాగితం ఉన్నందువల్ల సమయానికి మా దగ్గరికి చేరిన మనిషిని నేను చూశాను.

వెనుకసీటు:

మలుపుదారి గారి భార్య తరఫున నేను రాస్తున్నాననుకోండి. మావారి వెనక కూర్చుని పందొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాను.

హెయిర్‌పిన్ మలుపులు ముందు కూర్చున్నవారికి బాగుంటాయేమో. వెనక ఉన్నవారికి ప్రతి బ్రేకుకూ బరువంతా మణికట్ల మీదికి వస్తుంది, హెల్మెట్టు వెళ్లి ముందు హెల్మెట్టుకు తగులుతుంది. నలభై మలుపులయ్యేసరికి మెడ పట్టేస్తుంది. నాకు ఇష్టమైనవి పటంపిచ్చి గారు చెప్పిన నది పక్క దారులే. బండి ఒక వైపు ఒరిగి మెల్లగా లేచి ఇంకో వైపు ఒరుగుతుంటే ఊయలలో ఉన్నట్టుంటుంది. అమెరికాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే అని 469 మైళ్ల దారి ఉంది. వేగం ఎక్కడా గంటకు 45 మైళ్లకు మించకూడదు, సరుకు లారీలు రాకూడదు. ఇద్దరం అందులో మూడు రోజులు తిరిగాం. ఆయన వేగం గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు, దిగినప్పుడల్లా చెట్ల గురించే మాట్లాడారు.

అయితే నేను అసలు అడగాలనుకున్నది ఇది. ఆయన బండి వేసుకుని వెళ్లిన రోజు ఇంట్లో ఉన్న మనిషికి ఆ ఊళ్లో ఏముంది? నడిచి వెళ్లగలిగే దూరంలో మాట్లాడే మనుషులు ఉన్నారా? మేమూ ఒకసారి దారి చూసి ఇల్లు మారాం. ఏడాది లోపల తిరిగి వచ్చాం, దారి బాగాలేక కాదు. వాన పడుతున్న గురువారం మధ్యాహ్నం నాకు వెళ్లడానికి ఎక్కడా చోటు లేక. ఆవిడ పెట్టిన రెండో షరతును మొదటి షరతుగా చేసుకోండి.

మట్టిబాట:

ఇంత చర్చలో మట్టిదారి మాట ఎవరూ ఎత్తలేదు. తారు రోడ్డుకు గుంపులు, కెమెరాలు, నిషేధాలు. అడవి అంచున మట్టిబాటలు చట్టబద్ధంగా తెరిచి ఉన్న ఊరు దొరికితే గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతోనే ఒళ్లు అలిసిపోయేంత ఆనందం. తేలికైన బండి ఒకటి చాలు. ఎవరి పొలంలోంచీ, రక్షిత అడవిలోంచీ మాత్రం పోకండి. ఒక్కడు చేసే తప్పుకు బాట అందరికీ మూతపడుతుంది.

మలుపుదారి:

రెండు నెలల తరువాత రాస్తున్నాను. మీరందరూ రాసినవి ఒక నోటు పుస్తకంలో ఎక్కించి ఇద్దరం కూర్చుని చదువుకున్నాం. వెనుకసీటు గారి ఉత్తరాన్ని నా భార్య రెండుసార్లు చదివించింది.

మూడు ఊళ్లు అనుకున్నాం. ఒక్కొక్క చోట రెండు వారాలు గది అద్దెకు తీసుకుని ఉన్నాం. మంచి కాలంలో ఎక్కడైనా బాగుంటుందని వానల చివర్లో వెళ్లాం. మొదటి ఊరు ఫోటోల్లో అన్నిటికంటే అందంగా ఉంది. బయటికి వెళ్లే దారి ఒక్కటే, పాతచైను గారు చెప్పినట్టే నాలుగో రోజుకు విసుగు రాలేదు గాని భయం మొదలైంది, చెట్టు పడి ఆరు గంటలు ఇరుక్కుపోయాం. రెండో ఊరి పటంలో నాకు తెల్లమచ్చ కనపడింది. వెళ్లి చూస్తే నిజంగానే క్వారీ. మలుపుల్లో చక్రం కింద కంకర కరకరలాడుతుంటే పటంపిచ్చి గారికి మనసులో దండం పెట్టుకున్నాను.

మూడో ఊరికి పేరు లేదు, అంటే మనలాంటివాళ్లలో ఎవరికీ తెలియదు. నది ఒడ్డున చిన్న పట్టణం. కొండలు మరీ ఎత్తైనవి కావు. అయిదు దారులు బయటికి పోతాయి, వాటిలో ఒకటి కొత్త రహదారి వచ్చాక లారీలు వదిలేసిన పాత దారి. ఇంటి నుంచి ఏడు నిమిషాలకు మొదటి మలుపు. ఆసుపత్రి ఇరవై నిమిషాలు, వెళ్లి అన్నీ అడిగాను, స్కాన్ ఉంది, రాత్రి ఎముకల డాక్టరును ఇంటి నుంచి పిలిపిస్తారట. రెండో వారం నేను తడిసి ఇంటికి వచ్చేసరికి నా భార్య ఇంట్లో లేదు. వీధి చివర గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదివి వినిపిస్తోంది. వచ్చాక, "ఇక్కడే ఉందాం" అని తనే అంది.

నాలుగోగేరూ, తమ్ముడూ, స్టెల్వియోకు వెళ్లేటప్పుడు చెప్పు. నీతోపాటు నేనూ సెలవు పెడతాను.

ఇక ఒక సందేహం. ఇల్లు కాస్త వాలులో ఉంది. గేటు నుంచి షెడ్డు దాకా కిందికి దిగాలి, నేలంతా వదులు కంకర. నిన్న పక్క స్టాండు మీద నిలబెడితే పది నిమిషాల్లో స్టాండు దిగబడి బండి ఒరిగింది, చేయి అడ్డుపెట్టి ఆపాను. సిమెంటు వేయించేదాకా ఏం చేయాలి?

పాతచైను:

సంతోషం బాబూ. బండిని ముక్కు పైకి ఉండేలా, అంటే గేటు వైపు తిప్పి నిలబెట్టండి. మొదటి గేరులో ఉంచండి. ముక్కు కిందికి పెడితే బండి ముందుకు జరిగి స్టాండు దానంతటదే మడుచుకుంటుంది, పైగా ఉదయం అంత బరువును ఎదురు వాలులోకి వెనక్కి నెట్టలేరు. స్టాండు కింద అరచేయంత చదునైన రాయి ఒకటి పెట్టండి. దానికి రంధ్రం చేసి తాడు కట్టి హ్యాండిల్‌కు తగిలించుకుంటే, బండి ఎక్కాక వంగకుండానే పైకి లాగేసుకోవచ్చు. నేను నాదాన్ని ఇప్పటికీ వాడుతున్నాను.

వానచుక్క:

సిమెంటు వేయించేటప్పుడు మరీ నున్నగా చేయించకండి. చీపురుతో అడ్డంగా గీతలు గీయమనండి. తడి బూటు, తడి టైరు రెండూ జారకుండా ఉంటాయి.